యంత్రం పెట్టినాయన

పట్టుపురుగులు ఆకు నమిలే చప్పుడు షెడ్డులో వానలా వినిపిస్తుంది. ఆ వాన చెవిన పడితేగానీ ఉలిగమ్మ కాఫీ తాగదు.

వరసగా రెండు పంటలు ఉత్తపుణ్యానికే చచ్చిపోయాయి. ఈసారి పట్టుగూళ్లయినా హిందూపురం మార్కెట్టుకు చేరకపోతే మల్బరీ తోట పీకెయ్యాల్సిందే.

ఆ రోజు తెల్లవారేసరికి చప్పుడు సగానికి తగ్గింది.

కంగారుగా బయటికొచ్చింది. తోట వెనక కరెంటు ఫ్యాక్టరీ గొట్టం ఎప్పటిలాగే పొగ వదులుతోంది. గట్టు మీద ఎవరో ముసలాయన, రాళ్ల మీద పరిచిన తెల్లగుడ్డను మడిచి, దారం కట్టి సంచిలో పెడుతున్నాడు. గుడ్డ నిండా నల్లటి పొడి.

"ఏమప్పా, యాడోనివి నువ్వు? మా తోటలో ఏం జేస్తాండావు?"

"నాలుగు రోజుల గుడ్డలయ్యాయమ్మా. రేపటిది ఒక్కటే మిగిలింది," అన్నాడు దగ్గుతూ. ఆయనది ఈ వైపు మాట కాదు.

"దేనికి?"

"ఇక్కడ యంత్రం పెట్టింది నేనేనమ్మా. రాత్రిళ్లు దాన్ని..."

అంతే!  యంత్రమంటే ఉలిగమ్మకు తెలిసింది ఒకటే. రాగిరేకు మీద గీసి, గిట్టనివాళ్ల పొలంలో పాతిపెట్టేది.

"చౌడక్కా! పరిగెత్తి రాక్కా! మన తోటలో యంత్రం పెట్టిండాడంట! వాని నోటితోనే చెప్తాండాడు!"

పక్కింటి చౌడక్క వచ్చింది. ఆమె మొగుడు కుళ్ళాయప్ప కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. ముసలాయన ఏదో చెప్పబోయాడు. దగ్గు చెప్పనిస్తేనా! అనుమానం పెనుభూతం. సంచి లాక్కుని గుడ్డలన్నీ అక్కడే తగలబెట్టారు.

ఆయన తిట్టలేదు. 

"ఆకు కడిగి, ఆరబెట్టి వెయ్యమ్మా," అని బస్సు రోడ్డు పట్టాడు.

"పీడ పోయ," అంది చౌడక్క.

మరునాడు పొద్దున్నే ఉలిగమ్మ దండెం మీది తెల్లతువ్వాలు తీసింది. దాని నిండా నల్లటి పొడి, అచ్చం ఆ గుడ్డల మాదిరే.

తోటలోకి ఎవరూ రాలేదు.

షెడ్డులోకి పరిగెత్తింది.

వాన ఆగిపోయింది. తట్టల్లో పురుగులన్నీ తలలు వాల్చేశాయి.

మధ్యాహ్నం జీపులో కాలుష్యం ఆఫీసరు దిగాడు.

"గుడ్డలు పరిచే పెద్దాయన ఏరమ్మా? అయిదు రోజులవీ ఈరోజు ఇస్తానన్నారు. రేపే విచారణ. ఫ్యాక్టరీ మీద ఉన్న సాక్ష్యం అదొక్కటే."

ఉలిగమ్మ గట్టు మీది బూడిద చూపించింది.

"కాల్చేసినాం సార్. మా తోటకు యంత్రం పెట్టినా అన్న్యాడు..."

ఆఫీసరు తల పట్టుకున్నాడు. తర్వాత పొగగొట్టం వైపు చెయ్యి చూపించాడు.

"పెట్టింది దానికమ్మా, బొగ్గుపొగలో బూడిదను పట్టేసే యంత్రం. ఖర్చు దండగని ఫ్యాక్టరీవాళ్లు రాత్రిళ్లు దాన్ని ఆపేస్తుంటే, మీ తోటలు మాడిపోతాయని అడ్డుపడి ఉద్యోగం పోగొట్టుకున్న ఇంజనీరు ఆయనే."