చెవికి జానెడు దూరం

కంటికి కనబడని దేవుణ్ణి ఒక్క మాటకే నమ్మిన సామ్యేల్‌కు, కంటికి కనబడని ఫోను తరంగాల మీద మాత్రం ఏళ్ల తరబడి అనుమానమే. అందుకే కూతురి పెళ్లిచూపులకు వచ్చిన టోనీ కుర్చీలో సర్దుకోకముందే అడిగేశాడు.

"బాబూ, ఫోను ఏ జేబుల పెట్టుకుంటవ్?"

"జేబుల పెట్టుకోను అంకుల్. సంచిల పెట్టుకుంట."

పక్కనున్న టోనీ తల్లి సారవ్వ బిత్తరపోయింది. జీతమెంత, కంపెనీ క్వార్టరు వచ్చిందా అని అడుగుతారనుకుంది ఆమె.

సామ్యేల్ ముఖం వికసించింది. కిందటిసారి వచ్చిన బ్యాంకు అబ్బాయి గుండె మీది జేబులోంచి ఫోను తీశాడని చాయ్ అయినా ఇవ్వకుండా పంపేశాడాయన. అంతకుముందు వచ్చిన టీచరు, ఫోను తలగడ కింద పెట్టుకుంటానని నిజం చెప్పి చెడిపోయాడు.

"ఫోనుకు పెండ్లి చేస్తున్నవా, బిడ్డకు చేస్తున్నవా?" అంది భార్య సుసన్నా, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని. "ఈ పిలగాడు గూడ నిలబడడు, చూస్తుండు. బొగ్గుబాయిల పని చేసేటోనికి గివన్నేం ఎరుక?"

తలుపు చాటున సుజిత చెవి రిక్కించింది. చర్చి క్వయర్‌లో టోనీతో కలిసి పాడుతున్నప్పటి నుంచి ఆమె ప్రార్థనల్లో మెదిలేది అతని పేరే. ఆ సంగతి నాన్నకు తెలిసిందా, ఇంతే సంగతులు. ప్రేమ పెళ్లి అన్న మాటే ఆయనకు గిట్టదు.

"నువ్వాగు సుసన్నా. బాయి దిగినప్పుడు ఫోను సంగతేంది బాబూ?"

"మీదనే పెట్టి పోవాలె అంకుల్. లోపలికి రానియ్యరు. షిఫ్టంత నాకు ఫోను తరంగాలే తగలయి."

"ప్రభువా, నీకు స్తోత్రం!" అన్నాడు సామ్యేల్. "నేను గూడ ఇన్నేండ్లు బాయిలనే చేసిన. గింత మంచి సంగతి నాకు తట్టనే లేదు. సరే, మన దేశంల ఫోను తరంగాలకు హద్దెంత?"

"ఒంటి బరువు కిలోకు ఒకటి పాయింట్ ఆరు వాట్లు."

"నీ ఫోనుది?"

టోనీ స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కి చూపించాడు. "కిలోకు సున్నా పాయింట్ తొమ్మిది. హద్దు లోపలనే ఉన్నది."

"కిలోకెంత, కిలోకెంత అని... సంబంధానికొచ్చినమా, కూరగాయలకొచ్చినమా?" అని సారవ్వ గొణిగింది.

"సిగ్నల్ తక్కువున్న కాడ?"

"అస్సలు మాట్లాడ అంకుల్. అప్పుడే ఫోను ఎక్కువ జోరు చేస్తది."

"చాన సేపు మాట్లాడాల్సొస్తే?"

"స్పీకర్ పెడ్త. లేకుంటే వైరున్న ఇయర్‌ఫోన్లు."

సామ్యేల్ ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. "అక్కా, నీ కొడుకు బంగారం! ఇగ ఒక్కటే మిగిలింది, ప్రాక్టికల్. ఫోను కలిసేటప్పుడే తరంగాలు జోరు మీదుంటయి. కలిసేదాంక చెవికి జానెడు దూరం పట్టాలె. ఏదీ, ఎవరికన్నా కొట్టి చూపియ్యి."

టోనీ ఫోనును వెనక్కి లాక్కున్నాడు. "ఇప్పుడెందుకంకుల్... అందరు డ్యూటీల ఉంటరు."

"జవాబులన్ని చెప్పినోనివి, గిక్కడ భయమేంది? ఇటు తే!"

సామ్యేల్ ఫోను అందుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. "పొద్దటి సంది ఒక్క నంబరుకే ఏడుసార్లు కొట్టినవ్. పేరు 'ట్యూషన్' అట. ఇంకా చదువుతున్నవా? మంచిది. మీ సారుకే కొడ్దాం."

"వద్దంకుల్!"

అప్పటికే నొక్కేశాడు. ఫోనును జానెడు దూరంలో, ప్రసంగ వేదిక మీద మైకులా పట్టుకున్నాడు.

లోపల సుజిత తలుపుకు మరింత దగ్గరగా జరిగింది. చేతిలోని ఫోనును రెండు అరచేతుల మధ్య అదిమి కళ్లు మూసుకుంది. ఏ పేరుతో దాచుకున్నాడో తనను!

ఇంట్లో ఎక్కడో ఫోను మోగింది.

సామ్యేల్ తల గిర్రున తలుపు వైపు తిరిగింది. సారవ్వదీ తిరిగింది. టోనీ మాత్రం నేల చూస్తున్నాడు. సుజిత మెల్లగా కళ్లు తెరిచి చేతిలోకి చూసుకుంది. తన ఫోను చప్పుడు చేయడం లేదు.

జవాబులన్నీ నేర్పిన 'ట్యూషన్' మోగుతున్నది సుసన్నా కొంగు కింద.