యాక్చువల్లీకి తర్జుమా

"యాక్చువల్లీ," అని మొదలుపెట్టాడు బ్రదర్ విజేందర్. ఆ వెంటనే గంభీరంగా రెండు ముక్కలు ఇంగ్లీషులో పలికి ఆగాడు.

పక్క మైకు ముందు నిలబడ్డ గ్లోరీ చూపు ముందు వరుస మీదికి పోయింది.

దేవరకొండ పక్కన ఆ చిన్న క్రైస్తవ సంఘానికి అది వార్షికోత్సవం. షామియానా కింద జనం కిక్కిరిసి కూర్చున్నారు. బైబిలు వాక్యం మీద ప్రసంగం చెప్పే అవకాశం తనకూ ఇమ్మని గ్లోరీ ఎప్పటినుంచో అడుగుతోంది. సంఘపెద్ద సోమన్న ఒప్పుకోలేదు. ఆడవాళ్లు పాటలు పాడొచ్చు, ప్రార్థన చెయ్యొచ్చు, వాక్యం మాత్రం చెప్పకూడదన్నది అక్కడి పద్ధతి. చివరికి ఆమె జడ్చర్ల నుంచి ఇంగ్లీషు ప్రసంగీకుణ్ని పిలిపిస్తానని, తర్జుమా తాను చేస్తానని అంది. తర్జుమాకైతే అభ్యంతరం లేదన్నాడాయన.

"గని బిడ్డా, ఒక్క మాట తప్పు పోయినా మళ్ల స్టేజీ ఎక్కుడు లేదు," అని ముందే చెప్పాడు.

తప్పు పట్టగలిగే మనిషి అక్కడ ఒక్కతే ఉంది. నార్కట్‌పల్లి నుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చిన ఇంగ్లీషు టీచర్ ఉమారాణి. ముందు వరుసలోనే కూర్చుంది. ఆమె వస్తుందని గ్లోరీ అనుకోలేదు.

"నిజానికి..." అంది గ్లోరీ. అక్కణ్నుంచి గడగడా సాగింది. ప్రభువు సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, శిష్యులను పిలిచి తన చేత్తో వడ్డించాడని చెప్పింది.

"యాక్చువల్లీ," అన్నాడు విజేందర్ మళ్లీ, ఇంకో రెండు ముక్కలతో.

"మీరు అనుకుంటున్నట్టు కాదు," అంది గ్లోరీ. వండినవాళ్లే చివర తినాలని ఏ గ్రంథంలోనూ రాసి లేదంది.

ఈసారి విజేందర్ ఆ మాటనే సాగదీసి, తల వంచి అన్నాడు.

"ఏమనుకోకండి గానీ," అంది గ్లోరీ. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రతి ప్రేమ విందులోనూ ఆడవాళ్ల పళ్లెంలోకి వచ్చేది ముక్క లేని పులుసేనంది.

సోమన్న మొహం ముడుచుకుంది. కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"టీచరమ్మా, ఆయన ప్రతిసారి గదే మాట అంటాండు. గీమె ఒక్కోసారి ఒక్కో తీరు చెప్తాంది. గా మాటకు గిన్ని అర్థాలున్నయా?"



ఉమారాణి విజేందర్‌ని చూసింది. గ్లోరీని చూసింది. తాపీగా కొంగు సర్దుకుంది.

"ఉన్నయి పెద్దయ్యా. నిజం చెప్పేటప్పుడు అదే అంటరు, ఎదుటోల్ల తప్పు దిద్దేటప్పుడు అదే అంటరు, మొహమాటంగ కాదనేటప్పుడు గూడ అదే. గొంతును బట్టి తెలుసుకోవాలె. ఆమె సరిగ్గనే చెప్తాంది."

సోమన్న తల ఊపాడు. గట్టి భాషేనని పక్కనున్న ఐలేశంతో అన్నాడు.

విజేందర్ రెండు చేతులూ పైకెత్తాడు. "యాక్చువల్లీ!"

"అసలు చెయ్యాల్సింది ఇదీ," అంది గ్లోరీ. "ఈ రోజు మగవాళ్లు వడ్డించాలి."

ఆడవాళ్ల వైపు నుంచి లేచిన ఆమేన్‌కు షామియానా అదిరింది.

అంత దూరం నుంచి వచ్చిన అతిథి మాట. కాదనడానికి సోమన్నకు దారి లేదు. చొక్కా చేతులు మడిచి గంటె పట్టుకున్నాడు. మొదటి బంతిలో ఆడవాళ్లు కూర్చోవడం ఆ సంఘంలో అదే మొదలు. సైదమ్మ అవ్వ అయితే ముక్కలు ఏరి మరీ వేయించుకుంది.

గ్లోరీ దగ్గరికొచ్చి సోమన్న మెచ్చుకోలుగా నవ్వాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా. వచ్చే ఏడు గూడ గీ బ్రదర్‌నే పిలుద్దాం. తర్జుమా నువ్వే."

ఆయన ముందుకు సాగాక, పక్కనే కూర్చున్న ఉమారాణి పళ్లెంలోంచి తలెత్తకుండా మెల్లగా అంది:

"అక్కా, వచ్చే ఏడు ఆయనను వేరే సీసా మీది రాత బట్టీ పట్టుకొని రమ్మను, గీ దగ్గు మందు మా ఇంట్ల గూడ ఉన్నది."