గాజులా వచ్చిన రీలు

ఆ ఉదయం గోదాము వెనక తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉందా, లేదా?

తొమ్మిది వారాలుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు లేరు. లేదని ఫ్యాక్టరీ యాజమాన్యం కాగితం మీద రాసి ఇచ్చింది. ఉందని చెప్పగలిగిన పదకొండు మందీ ఆ తలుపుకు లోపలివైపున కాలిపోయారు.

వారిలో మెకానిక్కు ఒకడు. ఆ తాళం గురించి అతను రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. రెండుసార్లూ నవ్వి ఊరుకున్నారు. “ఈసారి ఫొటోతో సహా ఇస్తాను, ఎలా నవ్వుతారో చూస్తా,” అని భార్యతో చెప్పి కెమెరా తీసుకుని వెళ్లాడు. షిఫ్టుకు ముందే తలుపును ఫొటోలు తీశాడు. కెమెరాను గేటు దగ్గరి లాకర్లో పెట్టి పనిలోకి దిగాడు. కెమెరా మిగిలింది.

అందులో ఉన్నది స్లైడు ఫిల్మ్. స్టూడియోల వాళ్లు దాన్ని కడగడం ఎప్పుడో మానేశారు. ఇంట్లోనే కడిగే మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే మిగిలాడు. మెకానిక్కుకు ఆ విద్య నేర్పిన మాస్టారు. పరామర్శకు ఆయన తనంత తానే రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ రీలు సంగతి అడిగాడు.

సోమవారం అగ్నిప్రమాదం మీద విచారణ. శుక్రవారం పొద్దున మెకానిక్కు భార్య ఆడబిడ్డను వెంటబెట్టుకుని మాస్టారి ఇంటి మెట్లెక్కింది.

“రా తల్లీ, కూర్చో.” మాస్టారు రీలును కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఫిల్మ్ కొస, అదే నాలుక, బయటికి లేదు, లోపలికి చుట్టేసి ఉంది. అంటే ఫిల్మ్ మొత్తం తీసేశాడన్నమాట.”

“మా అన్నయ్య ఏదీ సగంలో వదిలే రకం కాదు లెండి,” అంది ఆడబిడ్డ. “వదిన వండిన కూర తప్ప.”

ఆమె నవ్వలేదు. స్నానాలగది గుమ్మంలోంచి లోపలికి చూసింది. టబ్బులో గోరువెచ్చని నీళ్లు. అందులో మెడదాకా మునిగిన ఆరు సీసాలు, ఒక థర్మామీటరు. ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. అర డిగ్రీ తేడా వచ్చినా రంగులు మారిపోతాయని భర్త అనేవాడు.

“మాస్టారూ, తెలీక అడుగుతాను. ఏమైనా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?”

“మామూలు ఫిల్మ్‌కి ఇది తలకిందులమ్మా. వెలుగు అసలు తగలకపోతే కటిక నలుపు. తగినంత తగిలితే రంగులు, ఉన్నవి ఉన్నట్టు. మోతాదు మించిందా, గాజు. ఒట్టి గాజు.”

“తాళం ఎర్రదైతే ఎర్రగానే కనబడుతుందా?”

“తుప్పుతో సహా,” అన్నాడు మాస్టారు. తలుపు వేసుకున్నాడు.

ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. లోపల కుళాయి పారింది, ఆగింది, మళ్లీ పారింది. ఎదురుగా గోడ మీద ఫ్యాక్టరీ వాళ్ల కొత్త క్యాలెండరు. అందులో పన్నెండు ఫొటోలూ మాస్టారు తీసినవే. ఆమె దాన్నే చూస్తూ, ఒళ్లోని చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

“ఇంతసేపేమిటి వదినా? ఇంటిల్లిపాది దుప్పట్లూ ఉతికి ఆరేసేదాన్ని ఈపాటికి.”

“ఉండు. తొందరపడకు.”

తలుపు తెరుచుకుంది. మాస్టారి చేతిలో తడి ఫిల్మ్ వేలాడుతోంది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా దాంట్లోంచి ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు.

“ఎలా చెప్పాలో తెలీట్లేదు తల్లీ. మొత్తం వెలుగు తినేసింది. చుట్టకముందే కెమెరా వెనక మూత తెరిచినట్టున్నాడు. కంగారులో ఉన్నాడేమో, పాపం.”

ఆడబిడ్డ చివాలున లేచింది. “మా అన్నయ్యా? మూత తెరవడమా? కెమెరాను పసిబిడ్డలా చూసుకునేవాడు! కన్నబిడ్డల్ని కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు. నేర్పింది మీరే కదండీ!”

“పోయినవాడి మీద నేనెందుకు నింద వేస్తానమ్మా? ఫిల్మ్ అబద్ధమాడదు.”

ఆమె అడిగింది. “కెమెరా మూతే అంటారా మాస్టారూ? ఇంకోలా జరిగే వీల్లేదా?”

“లేదు. నా చేతికి వచ్చేసరికే పాడై ఉంది. కావాలంటే రాసిస్తాను.”

“రాసివ్వండి.”

మాస్టారు ఒక క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ఆయనకు కనబడింది ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు మాత్రమే. కాగితం తీసి రాశాడు, తేదీ వేశాడు, పొడుగ్గా సంతకం చేశాడు.

“ఇంకా రీళ్లేమైనా ఉన్నాయా తల్లీ? ఉంటే నా దగ్గరికే తీసుకురా. తెలియనివాళ్ల చేతిలో పెట్టి పాడుచేసుకోకు.”

“ఇదొక్కటే మాస్టారూ.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఫిల్మ్‌ను కూడా అడిగి తీసుకుంది. మెట్లు దిగుతుంటే ఆడబిడ్డకు ఏడుపు ఆగలేదు.

“అయిపోయింది వదినా. సోమవారం ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం? చచ్చినవాడిదే తప్పని ఇప్పుడు సంతకంతో సహా తేల్చేశారు.”

ఆమె వీధి మలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి, చేతిసంచి తెరిచింది.

మెకానిక్కు తలుపును ఫొటోలు తీసిన రీలును అందులోంచి తీసి ఆడబిడ్డ అరచేతిలో పెట్టింది. మాస్టారికి ఇచ్చినది అతను ఫ్రిజ్‌లో దాచుకున్న కొత్త రీలు, ఆ పొద్దునే సీలు విప్పి నాలుకను ఆమే లోపలికి చుట్టినది, ఏ కెమెరాలోకీ ఎక్కనిది, కటిక నలుపుగా తప్ప మరోలా రావడానికి వీల్లేనిది, కనుక ఇప్పుడు మీరు చెప్పండి: ఆ ఉదయం ఆ తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉందా, లేదా?