ఎడమ చక్రం

గచ్చిబౌలి రోడ్డు పక్కన వెంకట్ పానా మీదెక్కి తొక్కుతున్నాడు. అతని పాత అమెరికా ప్లిమత్ కారు ఎడమ చక్రం ఊడిరావడం లేదు. అటుగా వచ్చిన మెకానిక్ లింగమూర్తి బండి ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూస్తావేంటయ్యా? ఓ చెయ్యెయ్యి!"

"నేనెందుకు సారూ? 'ప్రతి బోల్టు నేనే బిగించిన' అని మీరు పేపరోళ్లకు చెప్పిండ్రు గద. మూడేండ్లు ఈ కారు మీద పనిచేసిన నా పేరు యాడనన్న ఉన్నదా? ఇగ మీరే ఇప్పుండ్రి."

ఈ కార్లకు ఎడమవైపు నట్లు మామూలుకు ఎదురు దిక్కున తిప్పితేనే వదులవుతాయి. వెంకట్ వాటిని ఇంకా బిగిస్తున్నాడు. లింగమూర్తి ఆ సంగతి చెప్పలేదు.

"జర గట్టిగ తొక్కుండ్రి," అన్నాడు.

టప్పున బోల్టు విరిగింది. లింగమూర్తికి నవ్వొచ్చింది.

"పోతే పోయిందిలే, ఇంకోటి వేయించుకుంటా." వెంకట్ చెమట తుడుచుకుని పానాను రెండో నట్టుకు తగిలించాడు.

లింగమూర్తి నవ్వు ఆగిపోయింది. అలాంటిది ఎక్కడా దొరక్క, వారం రోజులు లేత్ మిషన్ ముందు నిలబడి తానే చేసిన బోల్టు అది. వంగి ఆ ముక్కను ఏరుకున్నాడు. ఇంకా వేడిగా ఉంది.

"ఇరిగింది నాది సారూ, మీది గాదు," అంటూ పానా లాక్కున్నాడు. "జరుగుండ్రి."