మాస్టారి వంటింటి ఉద్యమం

రిటైరైన లెక్కల మాస్టారు శాకాహార ప్రచార సంఘంలో చేరి ఏడాది దాటింది. ఇంతవరకూ ఒక్క మాంసాహారిని కూడా మార్చలేకపోయారు.

ఆయన ఉపన్యాసం మొదలుపెడితే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి పక్క వీధికి పోయేది. ఆయన కరపత్రాలు అందుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి, భోజనాల దగ్గర ఎముకలు వాటిలోనే చుట్టి పారేసేవారు.

సంఘం అధ్యక్షురాలు చూసి చూసి ఓ రోజు తేల్చి చెప్పేసింది.

"మాస్టారూ, మాటలు చాలు. గరిటె పట్టండి. మిగతా వలంటీర్లంతా ఎదుటివాళ్ళ వంటింట్లో దూరి, వండి పెట్టి మరీ మారుస్తున్నారు. వచ్చే సభలోగా ఒక్కరినైనా తీసుకురాకపోతే మీ బ్యాడ్జీ ఇచ్చేయండి."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. బళ్ళో తన నీడ చూసి పిల్లలు వణికేవారు. అలాంటిది చొక్కా మీది బ్యాడ్జీ ఊడబీకుతారట!

పైగా గరిటె పట్టాలట. ఇంట్లో మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకుని ఎరగరాయన. కూర్చున్న చోటి నుంచి "ఏమోయ్" అంటే చాలు, భార్య గ్లాసుతో ప్రత్యక్షమయ్యేది. మోకాళ్ళ నొప్పులవల్ల ఈమధ్య కాస్త ఆలస్యంగా ప్రత్యక్షమవుతోంది. దానికీ విసుక్కుంటున్నారు.

"వెనకవీధిలో ఒకావిడ ఉంది," అంది ఆ భార్యే, గ్లాసు అందిస్తూ. "నాతోపాటు పార్కులో నడుస్తుంది. ముక్క లేనిదే ముద్ద దిగదట. ఆవిడ్ని మార్చండి చూద్దాం."

"చూస్తూ ఉండు," అన్నారు మాస్టారు మీసం మెలేస్తూ.

వెనకవీధి ఆవిడ తలుపు తీసి, సంగతంతా విని, నిట్టూర్చింది. "నాకూ మానేయాలనే ఉంది అన్నయ్యగారూ. నాలికే మాట వినదు. మీరు వండిపెడితే ప్రయత్నిస్తాను."

మాస్టారు ఫోన్‌లో వీడియో పెట్టుకుని మొదటి కూర వండారు. అది మాడింది. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఇలాగైతే సాయంత్రం కోడి తెచ్చుకోవాల్సిందే."

"వద్దు చెల్లెమ్మా! రేపు చూడు నా వంట," అన్నారు మాస్టారు హడలిపోయి.

మర్నాడు ఉప్పు ఎక్కువైంది. ఆ మర్నాడు బంగాళాదుంప ఉడకలేదు. ఆవిడకు వెంటనే చేపలు గుర్తొచ్చాయి. ఉల్లిపాయ లావుగా తరిగితే రొయ్యలు గుర్తొచ్చేవి. ఒకరోజు మాస్టారు అంట్లు అలాగే వదిలేసి బయల్దేరబోతే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సింకులో జిడ్డు గిన్నెలు చూస్తే నా మనసు మళ్ళీ మాంసం మీదికి పోతుంది అన్నయ్యగారూ."

మాస్టారు వెనక్కి తిరిగి చొక్కా చేతులు మడిచారు.

ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ ఎప్పుడు తెరిచినా కూరగాయలే కనిపించేవి. తనకు జడిసి మాంసం ఎక్కడో దాచేస్తోందని ఆయన లోలోపల మురిసిపోయారు.

సభ దగ్గరపడుతున్నకొద్దీ మాస్టారికి కంగారు పట్టుకుంది. తెల్లారగానే సంచీ పుచ్చుకుని బజారుకు పరిగెత్తేవారు. లేత వంకాయేదో, ముదురుదేదో వేలితో నొక్కి చెప్పడం నేర్చారు. నూనె చిట్లి చేతులు బొబ్బలెక్కాయి. ఉద్యమం కోసం ఈపాటి త్యాగమైనా చేయకపోతే ఎలా అని సర్దిచెప్పుకున్నారు. ఇంటికి వచ్చి చేతులు చాపితే, భార్య మూతి బిగబట్టుకుని మందు రాసేది.

సభకు ముందురోజు వెనకవీధి ఆవిడ కూరగిన్నె ఊడ్చి తినేసింది. తర్వాత లేచి వెళ్ళి స్టవ్ మీద వేలితో రుద్ది చూసింది. జిడ్డు తగల్లేదు.

"మారిపోయాను అన్నయ్యగారూ," అంది.

మాస్టారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

సభలో ఆవిడ వేదికెక్కి, ఇక జన్మలో మాంసం ముట్టనని ప్రమాణం చేసింది. హాలంతా చప్పట్లు మోగాయి. అధ్యక్షురాలు మాస్టారి చొక్కాకు కొత్త బ్యాడ్జీ గుచ్చింది. పాతదానికి రెండింతలుంది. ఆయన మైకు అందుకుని, అడక్కుండానే ఉపన్యాసం మొదలుపెట్టారు.

వెనకవీధి ఆవిడ మెల్లగా హాలు బయటికి జారుకుని ఫోన్ చేసింది.

"వదినా, మీ ఆయనకి వంటా, అంట్లూ రెండూ వచ్చేశాయి, రేపట్నుంచి నువ్వు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చో, కానీ నేను పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టలేదని మాత్రం ఆయన దగ్గర నోరు జారకు!"