మూడో మెట్టు

ముందు వరుసలో కూర్చున్న ముసలాయనను లేపి, లెక్చరర్ నాగేంద్ర వెనక బెంచీకి పంపించాడు.

ఆదోని కాలేజీలో ఆ రోజు జ్యోత్స్న ప్రసంగం. ఎమ్మిగనూరు పిల్ల, ఇప్పుడు పెద్ద ల్యాబులో సైంటిస్టు. చూడ్డానికి అంతా ఎగబడి వచ్చారు, రారా మరి!

ఆమె తెర మీద ఒక నల్లటి బొమ్మ వేసింది.

“పెద్ద దెబ్బ తగిలితే రాగి ఒక్క క్షణం నొక్కుకుపోయి దట్టమవుతుంది. ఆ క్షణంలోనే దాని గుండా ప్రోటాన్లను పంపి ఫొటో తీస్తాం. ఎంత నలుపో, అంత దట్టం.”

“ఎంత దట్టమో లెక్క ఎట్ల కడతారు మేడమ్?” పావని అనే విద్యార్థిని అడిగింది.

“ఇదిగో, మెట్లు మెట్లుగా చెక్కిన రాగి ముక్క. ఏ మెట్టు ఎంత మందమో ముందే తెలుసు. దీన్నీ ఫొటో తీసి పోలుస్తాం. మా బొమ్మ నలుపు మూడో మెట్టు నలుపుకు దగ్గరగా ఉంటుంది, లెక్కంతా దాని మీదే.”

వెనక బెంచీలో ముసలాయన లేచాడు.

“ఆ మూడో మెట్టు మీరు కొలిసినారామ్మా?”

“చేసినవాళ్లు కొలిచే ఇచ్చారు తాతా. కొలతల కాగితం ఉంది.”

“కాగితం సంగతి కాదు. మీరు కొలిసినారా?”

హాలంతా నవ్వింది. జ్యోత్స్నకూ నవ్వొచ్చింది.

“ఇంక రాండి పెద్దాయనా,” అంటూ నాగేంద్ర ఆయన్ను బయటికి నడిపించాడు.

ల్యాబుకు తిరిగి వెళ్లినా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. రెండేళ్లుగా ఆమె లెక్కలు మిగతా ల్యాబులతో కలవడం లేదు. నెలాఖరుకల్లా కలవకపోతే ప్రయోగం మూసేస్తామన్నారు.

సైంటిస్టు అయ్యుండీ, ఎవరూ చూడకుండా దొంగలా మూడో మెట్టు కొలిచింది.

కాగితంలో ఉన్నదానికంటే వెంట్రుక వాసి పలచన.

సరిచేస్తే లెక్కలన్నీ కలిశాయి. ప్రయోగం నిలిచింది.

వెంటనే నాగేంద్రకు ఫోన్ చేసింది.

“ఆ తాత ఎవరో కనుక్కోండి సార్. ఆయనకు దండం పెట్టుకోవాలి.”

“గఫూర్ సాబ్ అంట మేడమ్,” అని నాగేంద్ర సాయంత్రానికి నంబరు పంపాడు.

ఆ నంబరుకు చేస్తే ఆయన భార్య ఖాతూన్ బీ పలికింది.

“ఆయన పోయి పది దినాలాయె బేటీ.”

జ్యోత్స్నకు ఏడుపొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

“ముట్టుకోకుండానే ఆ మెట్టు కొలత తప్పని ఎట్ల కనిపెట్టినాడమ్మా ఆయన?”

“కనిపెట్టేదేముంది? మీరు రాకముందు మీ ల్యాబులోనే లేతు మిషను మీద ముప్పై ఏండ్లు పని చేసినాడు. కడాకు కండ్లు ఆనకపోయినా, పని పోతాదని ఎవురికీ సెప్పలేదు.”

ఖాతూన్ బీ గొంతు తగ్గించి అంది.

“ఆ మెట్లు తీసిందీ, ఆ కాగితం రాసిందీ ఆయనే బేటీ. ‘నా తప్పు ఆ పాప నెత్తిన పడకూడదు’ అని ఆ పొద్దు మీ కాడికొచ్చినాడు.”