గాలి ఆడని గది

"ఫ్యాన్ ఆపెయ్ బినతా. కిటికీలు కూడా వేసెయ్. ఉత్తరం వైపుది మాత్రం ఉంచు."

బినత ఫ్యాన్ ఆపింది. వైశాఖపు కలకత్తా ఉక్కంతా ఆ గదిలోకొచ్చి కూర్చుంది. శిబేంద్ర తలాపాత్ర లాల్చీ వీపుకి అతుక్కుపోయింది. అయినా ఆయన కదల్లేదు. ఆ కాస్త వెలుతురులో, అరచెయ్యంత ఫిల్ము మీదికి పువ్వు దిగాలంటే చాలాసేపు పడుతుంది. ఈలోగా రేకు ఊగిందంటే బొమ్మ పోయినట్టే.

బల్ల మీద ఇత్తడి చెంబులో రజనీగంధ కాడలు. ఎదురుగా మూడు కాళ్ల మీద చెక్క కెమెరా. నల్లగుడ్డ కింద దూరి, గాజుపలక మీద పువ్వు స్పష్టంగా పడేలా సరిచూసుకునేది ఒకప్పుడు ఆయనే. నీటికాసులు కళ్లని తినేశాక వెలుగూ నీడా తప్ప ఆయనకేమీ తెలియడం లేదు. ఏడాదిగా ఆ పని బినతది.

"ఎలా ఉంది?"

"తలకిందులుగా ఉంది మాస్టర్‌మశాయ్."

ఆయన నవ్వేశాడు. "గాజు మీద ఎప్పుడూ తలకిందులే కదా, పిచ్చిదానా! రేకు అంచు సంగతి చెప్పు."

"కత్తిలా ఉంది. తాకితే వేలు తెగుతుంది."

"ఈనెలు?"

"ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు."

"సరే, ట్రామ్ పోనీ. నేల అదురుతుంది."

ట్రామ్ గంట మోగుతూ దూరమైంది. బినత షట్టర్ తెరిచింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆయన మనసులో లెక్కపెట్టుకుని, "చాలు" అన్నాడు.

తరవాత ఆమె టీ తెచ్చింది. చాలా రోజులుగా గొంతులో అడ్డుపడుతున్న మాటని ఆయన అప్పుడు బయటపెట్టాడు.

"ఆ తామర విషయం... నీ మనసులో ఏం లేదు కదా?"

తన దగ్గర నేర్చుకునే రోజుల్లో బినత వాడిపోతున్న తామరని ఫొటో తీసింది. ఆయన దాన్ని తన పేరుతో ఢిల్లీలో పోటీకి పంపాడు. బంగారు పతకం వచ్చింది, దాంతోపాటే పేరూ. అడగడానికొచ్చిన పిల్లని పదిమంది ముందు, "కెమెరా నాది, ఫిల్ము నాది, గది నాది. ఇంక నీదేముంది?" అని పంపేశాడు. ఆమె మళ్లీ కెమెరా ముట్టలేదనీ, బెహాలాలో బడిపిల్లలకి లెక్కలు చెప్పుకుంటోందనీ తరవాతెప్పుడో విన్నాడు. ఆయన చూపు పోయిందని తెలిశాక మాత్రం పిలవకుండానే వచ్చింది.

"ఎప్పటి మాట అది! టీ చల్లారిపోతోంది, తాగండి."

"ఈసారి ప్రదర్శనలో నీ పేరు కూడా వేయిస్తాను. కింద, చిన్నగా. సహాయం, బినతా గుహ అని."

"వద్దండీ. మీ ఒక్కరి పేరే ఉండాలి."

ఆయన తడుముకుని కప్పు అందుకున్నాడు. కడుపున పుట్టిన కూతురైనా ఇంతకంటే చూసుకోదనుకున్నాడు.

శ్రావణంలో ప్రదర్శన పెట్టారు. ఫిల్ము కడగడం, అచ్చు వెయ్యడం, పటాలు కట్టించడం అన్నీ బినతే చూసుకుంది. ఆయన గంజి పెట్టిన ధోవతి కట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జనం లోపలికొస్తున్నారు. పటం దగ్గర అడుగుల చప్పుడు ఆగుతోంది, మాట మాత్రం పెగలడం లేదు.

"చూశావా? నోట మాట రావడం లేదు వీళ్లకి," అన్నాడు మెల్లిగా.

"అవును మాస్టర్‌మశాయ్."

ఎవరో దగ్గారు. ఇంకెవరో గబగబా మెట్లు దిగి వెళ్లిపోయారు.

చిన్ననాటి స్నేహితుడు అనాది బాబు బోల్పూర్ రైలు దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు. గోడ వెంట ఆ చివరిదాకా నడిచి, వెనక్కొచ్చాడు.

"శిబూ, వీటిని వేలాడదీసే ముందు ఎవరికైనా చూపించావా?"

"బినత చూసిందిగా. ఏం?"

"వెనక గోడ మీద పెచ్చులూ, మేకు దిగిన గుర్తూ స్పష్టంగా ఉన్నాయిరా. పువ్వులే లేవు. వాటి చోటంతా పొగ పట్టినట్టుంది."

శిబేంద్ర ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

అనాది బాబు ఆమె వైపు తిరిగాడు. "ఇన్ని బొమ్మలు, అన్నీ ఇలాగే! ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది, కదమ్మా?"

"ఒక్కటి కూడా పొరపాటు కాదండీ," అంది బినత.